పైపు అలసింది, శాలువా కప్పండి!

ఖతార్‌లో అణువిద్యుత్ కేంద్రం ఒక్కటీ లేదు. అణుశాస్త్రవేత్త మాత్రం ఒకరున్నారు! ఆయన మా మేనేజరు గిరి గారు. ఈ బిరుదు ఏ విశ్వవిద్యాలయమూ ఇచ్చింది కాదు. ఆయన శ్రీమతి సుహాసిని గారు దోహాలోని పేరంటాలన్నిటిలో పసుపుకుంకుమలతో పాటు పంచిపెట్టిన బిరుదు.

నిజానికి దోహా వెస్ట్ బేలోని మా ఆఫీసులో జరిగేది పైపుల లెక్కలు. అవీ ఎక్కడో పరాయి దేశంలో కట్టబోయే అణుకేంద్రానివి. వేడెక్కి, చల్లారి, మళ్ళీ వేడెక్కి పైపులూ మనుషుల్లాగే అలసిపోతాయి. చివరికి పగులుతాయి. ఏది ఎన్నాళ్ళు ఓర్చుకుంటుందో సాఫ్ట్‌వేర్ లెక్కగట్టి, తట్టుకునేదాన్ని పచ్చగా, తట్టుకోలేనిదాన్ని ఎర్రగా చూపిస్తుంది. ఆ లెక్కలు చేసేది నేను, మాలతిని. నా వెనక నిలబడి "హూఁ" అనేది గిరి గారు.

తెలుగు సంఘం ఆయనకు "అణుభూషణ" సన్మానం ప్రకటించిన వారంలోనే, ఒక పైపు వంపు దగ్గర ఎర్రబడింది!

"ఏంటమ్మా ఈ అశుభం? సన్మానానికి క్లయింట్ ఉమేరా మేడమ్‌నే ముఖ్య అతిథిగా పిలిచాను. పచ్చ చెయ్యి!"

"ఎట్ల చెయ్యాలె సార్? ఆ వంపు పలుగుతది. డిజైనే మార్చాలె."

"డిజైన్ ఎందుకూ? సెట్టింగుల్లోకెళ్ళి రంగు మార్చు!"

"అణుకేంద్రం సార్ అది! ఇంటికి సున్నమేసినట్టు ఏసేస్తమా?"

"నా పరువూ అణుకేంద్రమే! పేలిందంటే దోహాలో ఎవ్వరూ మిగలరు. రేపట్నుంచి డ్యూటీకి రావాలో వద్దో నువ్వే ఆలోచించుకో!"

ఇక్కడ ఉద్యోగం పోతే వీసా కూడా దాని వెనకే పోతుంది. అయినా ఆ ఎర్రపైపు లెక్కను ఉన్నదున్నట్టు ఉమేరాకు పంపేశాను.

ఆవిడ ఫోను నేరుగా గిరి గారికే వచ్చింది. ఈ లోపం ఇంకెవ్వరూ కనిపెట్టలేదట, పెద్ద ప్రమాదం తప్పిందట, ఆ వంపు డిజైను వెంటనే మార్చేస్తారట. ఇంతకీ పట్టుకున్నదెవరని అడిగింది.

"నేనే మేడమ్! చూపు పడగానే పట్టేశాను!"

పైపు మారింది. నా కుర్చీ మారలేదు. వెనక నిలబడి "హూఁ" అనాలంటే ముందర కుర్చీలో ఒక మనిషి ఉండాలి కదా!

సన్మానం రోజు హోటల్ హాలు కిటకిటలాడింది. సంఘం కార్యదర్శి జలంధర్ మైకులో పద్యం చదివి, తివాచీ అంత మందం శాలువా కప్పించాడు. ఉమేరా ముచ్చటపడి ఇంగ్లీషులో అడిగింది: "ఆ ఎరుపు కనబడగానే మీరేం చేశారు?"

గిరి గారికి శాలువా లోపల చెమటలు పట్టాయి. ఇంగ్లీషు ఎండిపోయింది. మిగిలిన తెలుగులోంచి నిజం తన్నుకొచ్చింది.

"ఏం చేస్తాను! పచ్చరంగు వెయ్యమన్నాను! ఈ మాలతి నా మాట వింటేనా!"

హాలంతటికీ అర్థమైంది. తెలుగు రానిది ఒక్క ఉమేరాకే.

"ఏమన్నారు?" అందావిడ.

జలంధర్ చటుక్కున మైకు లాక్కుని ఇంగ్లీషులో అనువదించాడు: "ఈ ఘనతంతా తనది కాదు, మాలతిదే అంటున్నారు!"

"ఎంత వినయం!" అంటూ ఉమేరా లేచి చప్పట్లు కొట్టింది. ఆ వెనకే హాలు హాలంతా లేచింది! సుహాసిని గారు కళ్ళొత్తుకున్నారు. వినయానికి వేరుగా ఇంకో శాలువా పడింది.

నేను జలంధర్‌ని పక్కకు లాగాను. "ఏందన్నా, సార్ చెప్పింది అందరూ విన్నరు గద!"

"ఊకో చెల్లె," అన్నాడు చప్పట్లు ఆపకుండానే. "వచ్చే ఏడు సన్మానం నాకే!"