గురక లేని ఏజెన్సీ

ఇకమీదట అరకు లోయలో ఏ పసిబిడ్డా గురక పెట్టరాదని ఆరోగ్య మంత్రి జగన్నాథరావుగారు ఆదేశించారు. ఇంత ధైర్యమైన ప్రకటన పత్రికా విలేకరిగా నేను వినలేదు. మీరూ విని ఉండరు.

దీనికి కారణం సోములమ్మ కొడుకు గాసి. నాలుగేళ్ల గుంటడు. నిద్రలో గురక పెడతాడు, ఉన్నట్టుండి ఊపిరి ఆగిపోతుంది. తల్లి పక్కకి తిప్పితే మళ్లీ తీస్తాడు. అందుకని ఆవిడ కొన్నాళ్లుగా నిద్రపోవడమే మానేసింది.

"గొంతులో కండలు పెరిగి గాలికి అడ్డం పడుతున్నాయి. ముందు మందు వాడదాం, తగ్గకపోతే ఆపరేషన్," అన్నాడు అరకు ఆస్పత్రి డాక్టరు, పర్యటనకొచ్చిన మంత్రిగారితో.

"ముందూ వెనకా ఏమిటయ్యా? పాలసీ ఒక్కటే ఉండాలి!" అన్నారు మంత్రిగారు.

వెంటనే పార్టీ రెండుగా చీలింది. మందుల షాపున్న తాతారావుగారు మందు వర్గం. ఆపరేషన్ థియేటర్ కట్టిన కాంట్రాక్టరు అప్పలస్వామిగారు కత్తి వర్గం. ఏది మేలో తేల్చడానికి ఓ కమిటీ వేశారు; డాక్టరుది ఏ వర్గమో తేలక ఆయన్ని అందులో వెయ్యలేదు.

బహిరంగ సభలోనే తేల్చేద్దామన్నారు మంత్రిగారు. గాసిని స్టేజీ మీద తివాచీ పరిచి పడుకోబెట్టారు, నోటి దగ్గర మైకు పెట్టారు. చుట్టూ డప్పులు, థింసా నాట్యం, జిందాబాద్‌లు. గుంటడు కళ్లింత చేసుకుని చూస్తున్నాడు.

మంత్రిగారు వంగి చెవి పెట్టారు. "గురకేదీ?"

"తొంగుంటే కద బాబూ గురక! ఆ డప్పులాపండి, బేగి తొంగుంటాడు," అంది సోములమ్మ.

"విన్నారా? మేలుకుంటే గురక లేదు! మందూ వద్దు, కత్తీ వద్దు. పిల్లల్ని మేలుకోబెట్టండి!"

ఆహా, ఏం బుర్ర! సభ దద్దరిల్లింది.

తాతారావుగారు వందన సమర్పణ మొదలెట్టారు. అది సాగేసరికి మంత్రిగారు కుర్చీలోనే గురక తీశారు. కాసేపటికి గురక ఆగింది, మొహం నల్లబడింది. దీర్ఘాలోచనలో ఉన్నారని మేమంతా మెచ్చుకుంటున్నాం. సోములమ్మ ఒక్క దూకున స్టేజీ ఎక్కి, ఆయన భుజం పట్టుకుని పక్కకి తిప్పేసింది.

"ఊపిరి తియ్యి బాబూ! తియ్యి!"

తీశారు. కానిస్టేబుళ్లు ఆవిడ రెక్కలు విరిచి పట్టుకున్నారు.

"వదలండయ్యా! ఆవిడ లేకపోతే మంత్రిగారు దక్కేవారు కాదు," అన్నాడు డాక్టరు.

మంత్రిగారు చలించిపోయారు. అక్కడికక్కడే ఆవిడకి హైదరాబాదులో ఉద్యోగమిచ్చారు. ఆయన నిద్రపోతుంటే పక్కన కూర్చోవాలి, అవసరమైతే తిప్పాలి. క్వార్టరుతో సహా!

"మరి నా గుంటడ్ని ఎవులు తిప్పుతారు బాబూ?"

"దానికో కమిటీ వేస్తాంలే. ఎక్కు, ఎక్కు!"

ఆవిణ్ణి జీపెక్కించారు. తోడుగా డాక్టర్నీ ఎక్కించారు. జీపు కదిలింది, డప్పులు ఆగాయి. అలిసిపోయిన గాసికి తివాచీ మీదే కునుకు పట్టింది. మైకులోంచి గురక లోయంతా వినిపించింది.

అంతలో ఆగిపోయింది.

"తగ్గిపోయింది!" అని అరిచారు తాతారావుగారు. రెండు వర్గాలూ మొదటిసారి కలిసి చప్పట్లు కొట్టాయి.

సోములమ్మ మాత్రం కదులుతున్న జీపులోంచి దూకి, పడి, లేచి, స్టేజీకేసి పరుగెత్తుకొచ్చింది. వచ్చిన గవర్నమెంటు ఉద్యోగాన్ని అలా కాలదన్నుకునే మనిషిని నేనెక్కడా చూడలేదు.