గాలయ్యకు దక్కిన వేషం

ఆ ఉదయం గాలయ్య మీసాలు దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని సినిమా షూటింగుకు తయారయ్యాడు. కోస్గిలో ఫోటో స్టూడియో నడిపే పరమేష్ ఫోన్లలో చూసే సినిమా తీస్తానని, ఫోన్లలోనే చందాలు పోగుచేశాడు. దాన్ని క్రౌడ్‌ఫండింగ్ అంటారట. పైసలు పెట్టిన ప్రతివాళ్లకూ వేషం ఇస్తానన్నాడు. గాలయ్య ఇంట్లో చెప్పకుండా మేకపోతును అమ్మి పెట్టాడు.

"మేకపోతునమ్ముకునేటంత సినిమా పిచ్చేంది గీ వయసుల నీకు?" సంగతి తెలిసి భార్య గోపమ్మ కస్సుమంది.

"తమ్ముడు నాతోని మాట్లాడకపోతే మానె. ఫోన్లనన్న నన్ను చూస్తడు గదనే," అన్నాడు గాలయ్య.

గట్టు మీది చింతచెట్టు నాదంటే నాదని కొట్లాడి జడ్చర్ల వెళ్లిపోయిన తమ్ముడు భిక్షపతి, మూడేళ్లుగా ఫోను కూడా ఎత్తడం లేదు. ఆ బెంగ గాలయ్యను తినేస్తోంది.

తీరా చూస్తే చందా ఇచ్చినవాళ్లు సగం ఊరు ఉన్నారు, కథలో పాత్రలేమో చారెడు. గాలయ్య ఆశపడ్డ సర్పంచ్ వేషాన్ని కిరాణా కొట్టు ఖాసిం ముందే కొట్టేశాడు. మిగిలింది శవం.

"మాటల్లేవు గని, కథంతా నీ మీదనే నడుస్తది కాకా," అన్నాడు పరమేష్. "జర కదిలినవంటే మల్ల మొదటికెల్లి తియ్యాలె."

గాలయ్యను సొంత ఇంటి ముందే దండ వేసి పడుకోబెట్టారు. ఏడ్చే వేషం పక్కింటి హనుమమ్మది. ఆమె కూడా చందా ఇచ్చింది మరి, ఇచ్చినదానికి సరిపడా ఏడవాలి కదా!

"ఓ గాలన్నా! గా మీసం జూడ మేం యాడికి వోవాలె!" అని రాగం తీసి, నిజంగానే కన్నీళ్లు పెట్టుకుంది. షూటింగు సంగతి తెలియనివాళ్లు దారిన పోతూ ఆగారు. ఒకరు టెంటు తెప్పించారు, ఒకరు డప్పులను పిలిచారు, ఇంకొకరు బంధువులకు ఫోన్లు కొట్టారు. చావుకు కూడా వీడియో తీయించే కాలం కాబట్టి, పరమేష్ కెమెరాను చూసి ఎవరికీ అనుమానం రాలేదు.

"ఊకో అక్కా," అని ఆడవాళ్లు గోపమ్మను పట్టుకుంటే, "నేనేడుస్తలేను. మేకపోతు వొయిందనే నా బాధ," అందామె. దుఃఖంతో మతి చెదిరిందనుకున్నారు పాపం.

మధ్యాహ్నానికి భిక్షపతి జడ్చర్ల నుంచి పరుగున వచ్చి అన్న మీద పడ్డాడు.

"అన్నా! చింతచెట్టు నీదేనే! గట్టు గుడ నీదే! ఒక్కపాలి కండ్లు తెరువే!"

శవం కళ్లు తెరిచింది. అవి అప్పటికే తడిగా ఉన్నాయి.

"ఇంకొక్కపాలి అనురా తమ్మీ. హనుమమ్మ ఏడ్పుల సరిగ్గ ఇనపడలే."

జనం కేకలు పెట్టి పరుగెత్తారు. టెంటు గుంజ ఒకటి కూలింది. భిక్షపతి కొయ్యబారి, ఆనక అన్న వీపున నాలుగు గుద్ది, గట్టిగా కావలించుకుని ఏడ్చాడు.

"చెట్టు నువ్వే తీస్కోరా. ఫోనెత్తు, చాలు," అన్నాడు గాలయ్య.

టెంటుకూ డప్పులకూ ఇచ్చి, వచ్చిన జనానికి చాయలు పోసేసరికి చందా డబ్బంతా ఒడిసిపోయింది. సినిమా అక్కడికే ఆగింది. పెట్టుబడి పెట్టినవాళ్లలో లాభం కళ్లజూసింది శవం ఒక్కటే.