గడ్డి తీసిన చేను

2003 వానాకాలం. ఆ శనివారం పొద్దున దేవదాసు వేసుకున్న పథకం చిన్నదే. పెబ్బేరు సంతకు పోయి బండెడు వరిగడ్డి కొనడం, సాయంత్రంలోగా మిరప చేను చివరి నాలుగు సాళ్లలో పరిచేయడం. మిగతా చేనంతా నెల కిందటే పరిచాడు. ఎండుగడ్డి కింద వెలుతురు అందక కలుపు తలెత్తలేదు. కలుపు తీసీ తీసీ నడుం పడిపోయిన భార్య భీమమ్మ ఈ నెలలోనే నిటారుగా నడిచింది.

సాయంత్రం చేను యజమాని జితేందర్ వనపర్తి నుంచి వస్తున్నాడు. కిందటేడు కలుపులో మిరప కనిపించక, "మళ్ల చేన్ల గడ్డి కనపడితే, పంట నడుమనైనా సరే, కౌలు ఇంకొకనికిస్త" అని చెప్పి పోయిన మనిషి.

బస్సెక్కుతూ దేవదాసు బామ్మర్ది వెంకటన్నకు పని అప్పగించాడు. వెంకటన్నకు గద్వాలలో సైకిల్ షాపుంది. చుట్టపుచూపుగా వచ్చాడు.

"సార్ వచ్చేలోపల చేన్ల ఒక చక్కర్ కొట్టు. యాడన్న గడ్డి కనపడితే తీసి పారెయ్."

"నువ్వు బేఫికర్ పో బావా."

వెంకటన్న చేనుకు వెళ్లాడు. ఎటు చూసినా గడ్డే. మధ్యాహ్నానికి పోచ మిగలకుండా ఊడ్చి గట్టు మీద కుప్ప పోశాడు. ఖాళీ బండితో సంతకు పోతున్న కరీం ఆగాడు.

"పారేసేదేనా భాయ్?"

"తీస్కపో భాయ్. పుణ్యముంటది."

సంతలో గడ్డి కోసం తిరుగుతున్న దేవదాసుకు కరీం బండి కనబడింది.

"జర తడిగున్నదేంది?"

"తాజా మాల్. సీదా చేన్లకెళ్లి తెచ్చిన."

బేరం కుదిరింది. దేవదాసు ఆ బండి మీదే తిరిగొచ్చాడు. గట్టు దగ్గర కరీం ఎద్దులను ఆపాడు.

"అరె, నేను గడ్డి ఎత్తుకున్నది గీడనే!"

దేవదాసు చేను వైపు చూశాడు. మిరప మొక్కల నడుమ బోసినేల. గట్టు మీద వెంకటన్న నిలబడి ఉన్నాడు.

"నా గడ్డి ఏది రా?"

"తీసేసిన బావా."

"మొలిచిన గడ్డి తీయమన్న! పరిచిన గడ్డి గాదు రా!"

"గడ్డంటే గడ్డే గద!"

అప్పటికే జితేందర్ చేనులో కూర్చుని మట్టి నలిపి చూస్తున్నాడు.

"గింత సాఫ్ చేను నేనెన్నడు సూడలే. ఎవరు తీసిండ్రు?"

"నేనే సార్. ఒక్కణ్నే," అన్నాడు వెంకటన్న.

"సార్, కలుపును ఆపింది గీ గడ్డే సార్..." దేవదాసు బండిని చూపించాడు.

"ఆ పిల్లగాడు దినమంత గడ్డి తీసిండు. నువ్వు బండెడు గడ్డి తెచ్చి నింపుతవా?"

కౌలు అక్కడికక్కడే వెంకటన్నకు మారిపోయింది. దేవదాసు అప్పుడే చేనుకు వచ్చిన భార్య వైపు చూశాడు.

"పోనీ తియ్. మా పుట్టింట్లనే ఉన్నది గద," అంది భీమమ్మ.

మర్నాడు కలుపు మొలవకుండా ఆ గడ్డిని మళ్లీ పరచడానికి వెంకటన్నకు అనుభవం ఉన్న కూలీ కావలసి వచ్చింది. దేవదాసును పెట్టుకున్నాడు.