వందమందికి ఒక బొమ్మ

"ఇవాళ్టినుంచి ప్రజల్ని వెతుక్కుంటూ ప్రభుత్వం వీధులవెంట తిరగక్కర్లేదు. ప్రజలు ఈ బల్లమీదే ఉన్నారు" అని మంత్రిగారు ప్రకటించారు. టౌన్‌హాలంతా చప్పట్లతో మారుమోగిపోయింది. ఆ బల్లమీద ఉన్నదంతా నా చేతులతో చేసిందే కాబట్టి మిగతావాళ్ళకంటే నేను కాస్త గట్టిగానే కొట్టాను.

నేను నమూనాలు చేసేవాణ్ణి. కట్టబోయే ఇళ్ళు ఎలా ఉంటాయో కొనేవాళ్ళకి ముందుగా చూపించడానికి థర్మాకోలుతో, ప్లైవుడ్డుతో చిన్నచిన్న ఇళ్ళు చేసి ఇస్తుంటాను. చెట్లకి ఆకుపచ్చ రంగు వేసిన స్పాంజి ముక్కలు, కిటికీలకి ప్లాస్టిక్ కాగితం. ఇరవయ్యేళ్ళుగా ఇదే పని. నేను నమూనాలు చేసిన ఇళ్ళలో చాలావాటిని ఆ తర్వాత ఎవరూ కట్టలేదు, కానీ నమూనా బాగాలేదని మాత్రం ఇంతవరకూ ఒక్కరూ అనలేదు.

మంత్రిగారికి ప్రజలంటే ప్రాణం. ఆయన్ని బాధపెట్టేదల్లా వాళ్ళు మరీ ఎక్కువమంది ఉండటం, ఒక్కొక్కరూ ఒక్కో గోడు వెళ్ళబోసుకోవడం. మా పేట ఒక్కదాంట్లోనే ముప్ఫయ్యొక్కవేల మంది. అందుకని ఆయన సైన్సుని ఆశ్రయించారు. శాస్త్రజ్ఞులు భూగోళాన్ని బల్లమీద పెట్టుకుని చూడటం లేదా, కెప్టెన్లు మ్యాపు చూసి ఓడలు నడపడం లేదా, అలాంటప్పుడు ఒక పేటని బల్లమీద పెట్టుకుని పాలించడానికి ఏం రోగం అని కమిషనరుగారిని అడిగారు. కమిషనరుగారు ఏ రోగమూ లేదన్నారు.

అలా పదహారడుగుల బల్లమీద మా పేట మొత్తం దిగింది. ప్రతి వీధీ, ప్రతి దీపస్తంభం, కాలువ, కాలువమీద వంతెన, అన్నీ కొలతలు తీసి పెట్టాను. మనుషుల దగ్గర చిక్కొచ్చింది. ముప్ఫయ్యొక్కవేల బొమ్మలు చెయ్యడం నావల్ల కాదన్నాను. మంత్రిగారు ఆలోచించి, ఆయన ఒక్కరే లక్షమందికి ప్రతినిధిగా ఉండగా లేనిది, ఒక బొమ్మ వందమందికి ప్రతినిధిగా ఉండలేదా అన్నారు. ఆ లెక్కన మూడొందల పది బొమ్మలు తేలాయి. ఒక్కోటీ వందమంది కాబట్టి అంగుళం ఎత్తుకి తగ్గకూడదన్నారు. దాంతో ఏ బొమ్మా ఏ ఇంటి గుమ్మంలోనూ పట్టకుండా పోయింది. ప్రజలు ఎప్పుడూ వీధిలోనే ఉంటే మనకి బాగా కనపడతారని కమిషనరుగారు సర్దిచెప్పారు.

ఇక అక్కణ్ణుంచి సంఘాలు మొదలయ్యాయి. తమకి బొమ్మలు తక్కువ పడ్డాయని అద్దెకుండేవాళ్ళు వచ్చారు, తమ బొమ్మల్ని అద్దెకుండేవాళ్ళ పక్కన నిలబెట్టారని సొంతిళ్ళవాళ్ళు వచ్చారు. మీసాల బొమ్మలు మరీ ఎక్కువయ్యాయని మహిళా సంఘం, బట్టతలలు ఒక్కటీ లేవని పెన్షనర్ల సంఘం. హాలు గుమ్మంవైపు ముఖం పెట్టి ఉన్న బొమ్మలన్నీ ఒకే వీధివాళ్ళవని ఇంకొకాయన కనిపెట్టాడు. మంత్రిగారు లోపలికి వచ్చేది ఆ గుమ్మంలోంచే మరి. అందర్నీ గుమ్మంవైపు తిప్పేసరికి నాకు పదిహేను రోజులు పట్టింది. సాంస్కృతిక శాఖవాళ్ళు వచ్చి, పేటలో ఎవరూ ఎన్నడూ కట్టని రంగుల బట్టలు అందరికీ వేయించి వెళ్ళారు. చివరికి మనస్తత్వ నిపుణుడు వచ్చాడు. రెండురోజులు భూతద్దంలోంచి చూసి, ప్రజల మనసు ఇంకా ప్రజల ముఖాల్లోకి రాలేదని రిపోర్టు రాశాడు. నేను సన్నటి కుంచె పట్టుకుని ఒక్క పూటలో మూడొందల పది నోళ్ళ కొసలు పైకి తిప్పాను.

మా అక్క తన బొమ్మ చూసుకుంటానని వచ్చింది. అక్క దర్జీ. చిన్నప్పుడే ఎడమకాలు చచ్చుబడింది, చంకలో కర్ర లేకుండా నడవలేదు. కాలువకి ఇవతల మా ఇల్లు, అవతల దాని కొట్టు. వంతెన నడిమి పలకలు పుచ్చిపోయాయని ఏడాదిన్నర క్రితం రెండు చివర్లా పీపాలు అడ్డంపెట్టి దారి మూసేశారు. అప్పట్నుంచి అయిదు నిమిషాల్లో చేరే కొట్టుకి మెయిన్‌రోడ్డు చుట్టి గంటసేపు కర్రమీద నడిచి వెళ్తోంది. ఆరు అర్జీలు పెట్టింది. దానికి కావలసిందల్లా ఆ వంతెన.

"ఇందులో నేనెక్కడ్రా?" అంది అక్క. దర్జీలందరికీ కలిపి పెట్టిన బొమ్మని చూపించాను. నేను మొదట అగ్గిపుల్ల చీల్చి దాని చంకలో కర్ర పెట్టాను, కమిషనరుగారు తీయించేశారు. అక్క ఆ మాటే ఆయన్ని అడిగింది.

"చూడమ్మా, వందమందిలో కర్ర ఉన్నది నీ ఒక్కదానికే. సగటు తీస్తే ఈ బొమ్మకి నీ కర్రలో నూరోవంతు వస్తుంది. అది కంటికి ఆనదు" అన్నారు కమిషనరుగారు.

"మరి నా కాలండి?"

"సగటున నీ కాళ్ళు రెండూ బాగానే ఉన్నాయమ్మా."

అక్క తన కాలివంక ఒకసారి చూసుకుని, కర్ర సర్దుకుని వెళ్ళిపోయింది. నేను దీపస్తంభాలకి రంగు వేస్తూ ఉండిపోయాను. అప్పట్లో నాకు ఇంకా ఆ బల్లంటే గర్వంగానే ఉండేది.

వంతెనని మాత్రం నేను ఉన్నది ఉన్నట్టు చేశాను. నడిమి పలకలు కాల్చి నల్లగా పెట్టాను, చివర్లలో పీపాలు కూడా పెట్టాను. తనిఖీకొచ్చిన మంత్రిగారి చూపు సరిగ్గా దానిమీదే పడింది. ఇన్నాళ్ళూ ఇంత ఘోరం తన దృష్టికి ఎందుకు తేలేదని కమిషనరుగారిమీద మండిపడ్డారు. నెలలోగా బాగుకావాలని అక్కడికక్కడే ఉత్తర్వు ఇచ్చారు. నేను పరుగున వెళ్ళి అక్కకి చెప్పాను. అక్క కుట్టుమిషను ఆపి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

నాలుగోరోజున కాంట్రాక్టరుగారు ముగ్గురు పనివాళ్ళతో, ఒక సూపర్‌వైజరుతో టౌన్‌హాల్లో దిగారు. బల్లచుట్టూ తాడు కట్టారు. "పని జరుగుచున్నది, అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని బోర్డు పెట్టారు. రెండంగుళాల వంతెనకి మూడు కొత్త ఐస్‌క్రీమ్ పుల్లలు అతికించడానికి వాళ్ళకి పన్నెండు రోజులు పట్టింది, నాణ్యతలో రాజీ పడకపోవడం వల్ల. అసలు వంతెనకి ఎప్పుడు వెళ్తారని నేను సూపర్‌వైజర్ని అడిగాను. వర్క్ ఆర్డర్‌లో ఉన్నది ఇదేనని అతను కాగితం తీసి చూపించాడు. కాగితంలో ఉన్నది నిజంగా ఇదే.

ప్రారంభోత్సవానికి మంత్రిగారే వచ్చారు. వంతెనకి కట్టిన ఎర్రదారాన్ని గోళ్ళు తీసుకునే కత్తెరతో కత్తిరించారు. చూపుడువేలు, మధ్యవేలు దించి, వాటితో అడుగులో అడుగు వేసుకుంటూ వంతెన దాటి అవతలి ఒడ్డుకి చేరారు. ఫోటోగ్రాఫర్ల కోసం ఇంకోసారి దాటారు. పేట కష్టాలు తీరాయని మర్నాడు పేపర్లన్నీ రాశాయి. పక్కన వేసిన ఫోటోలో వంతెన మాత్రమే ఉంది, వేళ్ళు లేవు.

పని పూర్తయింది కాబట్టి బల్లమీద పీపాలు తీసేశారు. బల్లమీద లేనివి పేటలో ఉండకూడదని రూలు. అందుకని ఇద్దరు మనుషులు బండి తీసుకొచ్చి కాలువ దగ్గరున్న అసలు పీపాల్ని కూడా ఎత్తుకుపోయారు. ఆ పథకం కింద మా పేటలో నిజంగా జరిగిన పని అదొక్కటే.

అక్క పేపరు చదివింది. పొద్దున్నే వెళ్ళి చూస్తే పీపాలు లేవు. సంతోషంగా వంతెన ఎక్కింది. నడిమికి వచ్చేసరికి పలక ఫెళ్ళున విరిగింది, అక్క కాలువలో పడింది. ఇరుగుపొరుగు దిగి పైకి లాగారు. బాగున్న ఆ ఒక్క కాలూ విరిగింది. ఆస్పత్రిలో మంచాలు ఖాళీ లేవు, బద్ద కట్టి రేపు రమ్మన్నారు. నేను ఆటోలో దాన్ని ఇంటికి చేర్చి, తిన్నగా కమిషనరుగారి దగ్గరికి వెళ్ళాను.

ఆయన చాలా ఓపికగా విన్నారు. లేచి నన్ను బల్లదగ్గరికి తీసుకెళ్ళి, కళ్ళజోడు తుడుచుకుని, వంగి పరీక్షగా చూశారు. "దర్జీ బొమ్మ నవ్వుతూ నిలబడే ఉంది కదయ్యా. వంతెన కూడా చెక్కుచెదరలేదు. ఇక్కడ జరగంది అక్కడ జరిగిందంటే రికార్డు ఒప్పుకోదు" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళాక హాల్లోకి వెళ్ళాను. కొత్త పుల్లల్లో ఒకటి పెళుక్కున విరిచాను. దర్జీ బొమ్మ కుడికాలు విరిచి, నీలంరంగు వేసిన కాలువలో వెల్లకిలా పడుకోబెట్టాను. నేను చేసినదాన్ని నా చేత్తోనే పాడుచెయ్యడం అదే మొదటిసారి.

అరగంటలో అంబులెన్సు వచ్చింది. కమిషనరుగారి ముఖంలో నెత్తురుచుక్క లేదు. వందమంది కాలువలో పడితే మాటలా. బొమ్మని దూదిలో పెట్టి, దూదిని సబ్బుపెట్టెలో పెట్టి, సబ్బుపెట్టెని స్ట్రెచరు మీద పెట్టి ఆస్పత్రికి పంపారు. స్పెషల్ వార్డులో మంచం దొరికింది. పేషెంటు దగ్గర రాత్రీపగలూ ఉండటానికి ఒక మనిషి కావాలన్నారు. నేను ఇంటికి పరుగెత్తి అక్కని తీసుకొచ్చాను.

బద్ద కట్టిన కాలుతో చక్రాలకుర్చీలో వచ్చిన అక్కని చూసి, "పేషెంటుకి మీరేమవుతారు?" అని అడిగింది నర్సు.

"నూరోవంతు అవుతానమ్మా" అంది అక్క.

నర్సు కాసేపు ఆలోచించి, రిజిస్టరులో దగ్గరి బంధువని రాసుకుంది. డాక్టరుగారు వచ్చి గిన్నెడు ప్లాస్టరు కలిపించారు. బొమ్మ కాలికి గోరుమీద పట్టేంత సరిపోయింది. కలిపింది గట్టిపడి పారబొయ్యాల్సి వస్తుందని, మిగిలినదంతా అక్క కాలికి వేశారు. ఆయన నిజంగా మంచి మనిషి.

సాయంత్రం మంత్రిగారు విలేకరుల్ని వెంటబెట్టుకుని పరామర్శకి వచ్చారు. దిండుమీద బొమ్మని చూడగానే ఆయన కళ్ళు చెమర్చాయి. తలగడ దగ్గరికి వంగి, ఏం కావాలో చెప్పమ్మా అని అడిగారు. బొమ్మ నేను గీసిన నవ్వు నవ్వుతూనే ఉంది. విలేకరులు పెన్నులు పట్టుకుని ఎదురుచూస్తున్నారు.

"నాతో చెప్పిందండి" అంది అక్క.

మంత్రిగారు కుర్చీవైపు తిరిగారు. "ఏమంది?"

"మీరు బాగుచేయించిన వంతెనమీదే పడ్డానంటే మీకు మాట వస్తుందని దానికి బెంగగా ఉందటండి. రేపు మీరే తనని చేతిలో పెట్టుకుని, మా కాలువమీది వంతెన ఒక్కసారి దాటిస్తే చాలునట."

కమిషనరుగారు దగ్గారు. అప్పటికే విలేకరులు రాసేసుకుంటున్నారు. మంత్రిగారు గుండెమీద చెయ్యి వేసుకుని, తప్పకుండా దాటిస్తానని మాట ఇచ్చారు.

మర్నాడు పదిగంటలకి పేటంతా కాలువ ఒడ్డున నిలబడింది. కెమెరాలు వచ్చాయి. అక్క కుర్చీని నేను ముందువరసలోకి తోశాను. అక్క మొహం వెలిగిపోతోంది. ఆయన అంతటివాడు ఒకసారి ఆ పలకల్ని చూస్తే చాలని దాని ఆశ. నాకూ అదే ఆశ.

మంత్రిగారు అరచేతిలో బొమ్మతో వంతెన దగ్గరికి వచ్చారు. ఒక కాలు పైన పెట్టారు. పలక కిర్రుమంది. కాలు తీసేశారు. ఇలాంటి ఘనత శాఖకే దక్కాలని బొమ్మని కమిషనరుగారి చేతిలో పెట్టారు. కమిషనరుగారు, చెమటోడ్చింది కాంట్రాక్టరుగారు కాబట్టి న్యాయంగా ఆయనే నడవాలన్నారు. కాంట్రాక్టరుగారు తన మోకాళ్ళనొప్పి సంగతి చెప్పి సూపర్‌వైజర్ని పిలిచారు. సూపర్‌వైజరు ఆ రోజు సెలవు పెట్టాడు. బొమ్మ ముగ్గురి చేతుల్లోనూ రెండుసార్లు తిరిగింది. ఇది పుచ్చిందని మీకెవరు చెప్పారని వాళ్ళలో ఎవరూ ఎవర్నీ అడగలేదు.

ఆఖరికి మంత్రిగారే దారి చూపించారు. "ప్రజాస్వామ్యంలో ప్రజలే ముందు నడవాలి. మనం వెనక ఉండాలి" అన్నారు. వంగి, బొమ్మని మొదటి పలకమీద నిలబెట్టి, నాలుగడుగులు వెనక్కి వచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు. కెమెరాలు మెరిశాయి.

కాలువమీంచి కాస్త గాలి వీచింది. బొమ్మ ఒరిగింది, ప్లాస్టరు కాలు పైకి లేచింది, దొర్లుకుంటూ పోయి అక్క పడిన సందులోంచే నీళ్ళలో పడింది. చప్పుడు కూడా కాలేదు.

"అందులో వందమంది ఉన్నారండి" అంది అక్క.

మంత్రిగారు కాలువవంక చూశారు. కమిషనరుగారు మంత్రిగారి వంక చూశారు. తర్వాత నా దగ్గరికి వచ్చి భుజంమీద చెయ్యి వేశారు.

"సాయంత్రానికల్లా ఇంకోటి చేసెయ్యవయ్యా. ఈసారి కాస్త బరువుగా ఉండాలి."