మారు ముద్దకు పన్ను మినహాయింపు

సోలార్ పార్కు వల్ల తాలూకాకు వచ్చిన కళను చిన్నవాళ్లకూ పంచిపెట్టాలని ప్రభుత్వం నిశ్చయించిందని, పార్కు ఊళ్లలోని చిన్న వ్యాపారాలన్నిటికీ పన్ను మినహాయింపు ఇస్తున్నామని మంత్రిగారు పావగడ సభలో ప్రకటించారు. అందరం చప్పట్లు కొట్టాం. జన్మలో పన్ను కట్టనివాళ్లం ఇంకాస్త గట్టిగా కొట్టాం.

మా వల్లూరులో ఆ పథకాన్ని నిలబెట్టే భారాన్ని యువనాయకుడు చిక్కన్న భుజానికెత్తుకున్నాడు. మా పెళ్లిళ్లు కాకముందు నుంచీ ఆయన యువనాయకుడే. తీరా వెతికితే ఊళ్లో చిన్న వ్యాపారమంటూ కనిపించింది ఒక్కటే. పార్కు గేటు ముందు నాలుగు రేకుల కింద సుంకమ్మ నడిపే రాగిముద్ద హోటలు.

శెనక్కాయ చేలు ప్యానళ్ల కిందికి పోయాక భూమి ఉన్న నాలాంటివాళ్లకు కౌలు వస్తోంది. భూమి లేని సుంకమ్మకు ఉన్న కూలీ పోయింది. అందుకని పొయ్యి పెట్టింది. ఆ రేకులు తీసెయ్యమని కంపెనీ సెక్యూరిటీ వాళ్లు రోజూ గదమాయిస్తున్నారు. చిక్కన్న పట్టుకున్నది ఆ సంగతినే. మినహాయింపు పత్రం చేతిలో ఉంటే గేటు ముందు నుంచి ఆమెను ఎవరూ కదిలించలేరన్నాడు.

"నాకు పన్నే ల్యాకపాయె. మాఫీ యాడ నుంచి వస్తాది చిక్కన్నా?" అంది సుంకమ్మ.

"అదేనక్కా నీకుండే కొరత. ముందు పన్ను తెచ్చుకోవల్ల. మాఫీ దాని యెనకాలే నడుచుకుంటా వస్తాది."

ఇంత లోతైన ఆర్థిక సూత్రాన్ని ముద్ద తింటూ వినే భాగ్యం నాకు దక్కింది.

తుమకూరు నుంచి నందీష్ అనే అధికారి విచారణకు వచ్చాడు. చాలా నిక్కచ్చి మనిషి. అమ్మకం ఎంతో తేల్చడానికి బెంచీ మీద కూర్చుని పడిన ప్రతి ముద్దనూ లెక్కపెట్టాడు. మా వైపు ముద్ద హోటళ్లకు ఒక పద్ధతి ఉంది. డబ్బు ఆకుకే, ముద్దకు కాదు. కూర్చున్నవాడు చాలని ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టేదాకా మారు ముద్ద వేస్తూనే ఉండాలి. లేకపోతే ఆ పొయ్యికి పరువు ఉండదు. నందీష్ మాత్రం ముద్దకొక అమ్మకం చొప్పున రాసుకున్నాడు.

"మారు ముద్ద అమ్మేది కాదు సార్. అది మర్యాద" అంది సుంకమ్మ.

"మర్యాదకు మా దగ్గర కాలమ్ లేదమ్మా."

తాను తిన్న ముద్దలను కూడా ఆయన నిజాయితీగా అమ్మకం కిందే రాసుకున్నాడు. డబ్బు ఇవ్వబోతే చిక్కన్న చెయ్యి పట్టుకుని ఆపాడు.

అట్లా సుంకమ్మ పన్ను పరిధిలోకి వచ్చింది. చిక్కన్న ఊరంతా మైసూరుపాకు పంచాడు. అంతటితో ఆగే మనిషి కాదాయన. పన్ను పెరిగేకొద్దీ మాఫీ పెరుగుతుంది కదా, మంత్రిగారు పత్రాలు పంచడానికి వచ్చేలోగా అమ్మకం పెంచాలన్నాడు. మర్నాటి నుంచి పార్టీ కార్యకర్తలు జీపుల్లో దిగారు. ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టే అలవాటు వాళ్లకు ఏ విషయంలోనూ లేదు. ఆకు డబ్బు పార్టీ చూసుకుంటుందన్నారు. సుంకమ్మ మేకలు రెండూ రాగులైపోయాయి. నందీష్ పక్కనే కూర్చుని రాసుకుంటూ పోయాడు.

పంపిణీ రోజు వచ్చింది. వల్లూరు బడి ఆవరణలో వేదిక. సుంకమ్మ కొత్త చీర కట్టుకుని ముందు వరుసలో కూర్చుంది. మొదటి పేరు పిలిచారు. కంపెనీ మేనేజరు రంగనాథ లేచి వెళ్లి మినహాయింపు పత్రం అందుకున్నాడు. రెండో పేరుకూ ఆయనే లేచాడు. మూడో పేరుకూ ఆయనే. కంపెనీ ఒక్కో ప్యానళ్ల వరుసను ఒక్కో వ్యాపారంగా రిజిస్టరు చేయించిందని, ఏ వరుస చూసినా అమ్మకం చిన్నదేనని చిక్కన్న నా చెవిలో గర్వంగా చెప్పాడు. ఎక్కి దిగి, ఎక్కి దిగి మేనేజరుకు మోకాలు పట్టేసింది. మిగతా చిన్న వ్యాపారులందరి తరఫునా ఆయన వేదిక మీదే కుర్చీలో కూర్చుని అందుకున్నాడు.

సుంకమ్మ పేరు రాలేదు. ఆమె వేదిక దగ్గరికి నడిచింది.

"నా కాగితం యాడ సామీ?"

మంత్రిగారు నందీష్ వైపు చూశారు. కార్యకర్తలు తిన్న వారాన్ని ఏడాదికి లెక్క కడితే అమ్మకం చిన్న వ్యాపారం హద్దు దాటిపోయిందని నందీష్ వివరించాడు. మంత్రిగారు లేచి నిలబడి ఆమెకు రెండు చేతులూ జోడించారు.

"మీరు పెద్ద పరిశ్రమ తల్లీ. మీలాంటివాళ్లే చిన్నవాళ్లను ఆదుకోవాలి" అని మోకాలు రుద్దుకుంటున్న మేనేజరును చూపించారు. సభ కరతాళ ధ్వనులతో మారుమోగింది.

పెద్ద పరిశ్రమ నాలుగు రేకుల కింద, అదీ గేటు ముందు నడవడం చట్టవిరుద్ధమట. మర్నాడు రేకులు తీసేశారు. సామాను దించడానికి చిక్కన్న స్వయంగా ఒక చెయ్యి వేశాడు. ఆమెకు పని ఇప్పించిందీ ఆయనే. ఇప్పుడు సుంకమ్మ ప్యానళ్లు కడుగుతోంది.

మొన్న చిక్కన్న పేపరు ఫొటోగ్రాఫరును వెంటపెట్టుకుని అక్కడికి వెళ్లాడు. ఫొటో కింద ఏం వెయ్యాలో ముందే రాసిపెట్టుకున్నాడు: 'చిన్న వ్యాపారులకు చేయూతనిస్తున్న మహిళా పారిశ్రామికవేత్త'. తుడుపు కర్రను ఇంకాస్త పైకెత్తి నవ్వమన్నాడు.

"బిరీన తియ్యప్పా" అంది సుంకమ్మ. "ఇంగా ఏడెనిమిది చిన్న వ్యాపారాలు కడిగేవి ఉండాయి."