వేలిముద్రలు లేని ముఠా

"నేరస్తుడు నా చూపు తప్పించుకోవాలంటే రెండే మార్గాలు రా రంగా. ఒకటి, వాడు పుట్టకుండా ఉండాల. రెండు, నేను పుట్టకుండా ఉండాల. రెండూ చెయ్యి దాటిపోయినయ్. ఇంక వాడి ఖర్మ."

మా ఉమామహేశ్వర్లు ఈ ప్రకటన చేసినప్పుడు మార్కాపురం బజారులో తన పెళ్లికార్డుల దుకాణం ముందు నిలబడి, మిట్టమధ్యాహ్నం ఎండలో ఉన్నికోటు వేసుకుని ఉన్నాడు. డిటెక్టివు అన్నాక కోటు ఉండాలట. చెమట ధారలు కడుతున్నా, లోలోపల ఉక్కిరిబిక్కిరి అయ్యేది శత్రువేనని వాడి నమ్మకం.

నా పేరు రంగనాయకులు. పక్కనే ఎరువుల దుకాణం నాది. ఒకటో తరగతిలో వాడి పక్కన కూర్చున్న పాపానికి వాడి కేసులన్నిటికీ నేనే సాక్షిని. పోయిన ఏడాది దొనకొండ స్టేషన్లో బెంచీ కింద అనుమానాస్పదమైన సంచి కనిపించిందని జనాన్నంతా దూరంగా తరిమి, ఎక్కాల్సిన రైలు కూడా వదులుకుని దానికి కాపలా కాశాడు. చివరికి విప్పి చూస్తే అందులో వాళ్లావిడ కట్టిచ్చిన పులిహోర ఉంది. సంచి వాడిదే. కేసు ఛేదించిన ఆనందంలో ఆ పులిహోర అక్కడే కూర్చుని తిన్నాడు.

అలాంటివాడు మా పొదుపు పరపతి సంఘం బోర్డులో ఎలా ఉన్నాడని అడిగితే, నేనున్నాను కాబట్టి ఉన్నాడు. కూలీలు, చిన్న వ్యాపారులు నెలనెలా కొంత దాచుకుని, అవసరానికి తీసుకునే సంఘం మాది. ఇన్నాళ్లూ లెక్కలు పుస్తకాల్లో రాసుకున్నాం. ఈ ఏడాది మా అధ్యక్షుడు మాలకొండయ్యకు కంప్యూటర్ మీద మనసు పడింది. ఆయనకు ఊరవతల పలకల ఫ్యాక్టరీ ఉంది. గోడలకు అంటించే రాతి పలకలు పై దేశాలకు పంపే మనిషి నడిపే సంఘం ఇంకా పుస్తకాలు తిప్పుతుంటే నామోషీ అన్నాడు. రెండు సాఫ్ట్‌వేర్లను కొన్నాళ్లు వాడి చూసి, మార్కులు వేసి, మంచిదాన్ని ఎంచమని కమిటీ వేశాడు. కమిటీ అంటే నేనూ, ఉమామహేశ్వర్లూ. వాడి అర్హత ఏమిటంటే, వాడి దగ్గర లాప్‌టాప్ బ్యాగు ఉంది. లాప్‌టాప్ లేదు.

మొదటి సాఫ్ట్‌వేర్ పేరు ధనగరుడ. హైదరాబాద్ కంపెనీ తరఫున యోగేష్ అనే ఆయన టై కట్టుకుని తెచ్చాడు. సభ్యుడు చిన్న మిషన్ మీద వేలు పెడితే ఆధార్‌లోని ముద్రతో సరిచూసి, పచ్చ దీపం వెలిగి, గద్ద కూస్తుంది. రెండోది మన పద్దు. గిద్దలూరు శివకృష్ణ తయారుచేసింది. అందులో గద్ద లేదు. సభ్యుడి ఫొటో తెర మీద కనిపిస్తుంది, ఫోన్‌కు ఒక నంబరు వస్తుంది, అది చెబితే పనైపోతుంది. మార్కుల కాగితంలో రంగులకు పది, శబ్దానికి పది, ఆధునికతకు ఇరవై ఉన్నాయి. టిఫినుకు వేరే మార్కులు లేవు గానీ యోగేష్ నెయ్యి దోసెలు తెప్పించాడు, శివకృష్ణ మంచినీళ్లిచ్చాడు. దోసెలు ఆధునికత కింద కలిశాయి.

సభ్యుల వివరాలు రెండిట్లోనూ ఎక్కించాక, ధనగరుడ మిషన్ మీద ముందుగా బోర్డు సభ్యులం అందరం వేళ్లు పెట్టాం. అందరికీ గద్ద కూసింది. ఉమామహేశ్వర్లు అయిదు వేళ్లూ పెట్టి అయిదుసార్లు కూయించుకున్నాడు.

ధనగరుడ పని మొదలుపెట్టిన కొద్ది రోజులకే వెంకటసుబ్బులమ్మ వచ్చింది. మాలకొండయ్య ఫ్యాక్టరీలోనే పలకలు రుద్దే మనిషి, సంఘం పెట్టిన నాటి నుంచి సభ్యురాలు. కూతురు సంధ్యారాణికి ఒంగోలులో నర్సింగు సీటు వచ్చింది. వచ్చే శుక్రవారం సాయంత్రం లోపల ఫీజు కట్టకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. ఆ రోజు కోసమే ఆమె ఇన్నేళ్లుగా మా దగ్గర దాచుకుంది. వేలు పెట్టింది. గద్ద కూయలేదు. ఎర్ర దీపం వెలిగి, తెర మీద 'మోసం జరుగుతున్నట్టు అనుమానం, ఖాతా నిలిపివేత' అని వచ్చింది. ఆమె వెనకే వచ్చిన అదే ఫ్యాక్టరీ ఆడవాళ్లకూ అంతే.

రేషన్ దుకాణంలో వేలు పడకపోతే సర్వర్ లేదంటారు, రేపు రమ్మంటారు. మనం నమ్మి రేపు పోతాం. ఈ మిషన్ సర్వర్ ఊసెత్తలేదు, మోసం అని రాసి చూపించింది. తెర మీద ఎర్రగా కనిపించిన మాటను కాదనే ధైర్యం మా బోర్డులో ఎవరికీ లేకపోయింది. తమ మిషన్ ఇంతవరకు పొరపడిన దాఖలా లేదని యోగేష్ టై సర్దుకున్నాడు. విచారణ తేలేదాకా ఆ ఖాతాలు ముట్టవద్దని మాలకొండయ్య చెప్పాడు. నీ ఫ్యాక్టరీ మనిషే కదా, రోజూ చూస్తావు కదా అని నేనంటే, ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంది.

"నేను ఎరుగుదును రంగనాయకులూ. మిషన్ ఎరగదంటుంది గదా."

విచారణ అన్న మాట చెవిన పడగానే ఉమామహేశ్వర్లు కోటు గుండీలు పెట్టుకున్నాడు. సుబ్బులమ్మను బెంచీ మీద కూర్చోబెట్టి భూతద్దంతో తల దగ్గర మొదలుపెట్టాడు. చేతుల దాకా వచ్చేసరికి అద్దం మీద ఈగ వాలింది. ఆ పైన చాలాసేపు ఈగనే పరిశీలించి, తలెత్తి అడిగాడు.

"నువ్వు నిజంగా వెంకటసుబ్బులమ్మవేనా?"

"కాకపోతే ఎవరు సామీ? మా చెల్లెలి పెండ్లి కార్డులు మీ కాడనే గదా కొట్టించింది. పెండ్లికొడుకు పేరు తప్పు ఏసినారు గూడా."

"ఇన్ని వివరాలు తెలుసంటే," అన్నాడు వాడు నా వైపు తిరిగి, "బాగా నేర్పించి పంపినార్రా."

వాడి సిద్ధాంతం అప్పటికే తయారైపోయింది. ఇది వేలిముద్రలు లేని ముఠా. అసలు మనుషులను ఎక్కడో దాచేసి, అచ్చం వాళ్లలా ఉండేవాళ్లను పంపుతున్నారు. అనుమానితులంతా ఒకే ఫ్యాక్టరీలో ఉన్నారు కాబట్టి స్థావరం అక్కడే. శత్రువు గుహలోకి మారువేషంలో చొరబడక తప్పదు.

మర్నాడు లుంగీ, తలగుడ్డ, అతికించిన మీసాలతో, అర్ధవీడు నుంచి పనికోసం వచ్చిన ఉమాపతిగా వాడు ఫ్యాక్టరీలో చేరాడు. అక్కడున్న ప్రతి ఇంటి పెళ్లికార్డూ కొట్టినవాడు కాబట్టి వాడిని గుర్తుపట్టనివాళ్లు లేరు. పాపం సరదా పడుతున్నాడు పోనీ అని ఎవరూ బయటపడలేదు. మేస్త్రి జయపాల్ మాత్రం వచ్చిన చేతులను ఖాళీగా ఎందుకు ఉంచాలని, పలకల మీద నీళ్లు చల్లి గరుకు రాయితో రుద్ది నునుపు చేసే పనిలో కూర్చోబెట్టాడు. తన మీద అనుమానం రాకూడదని వాడు అందరికంటే గట్టిగా రుద్దాడు. వాళ్లావిడ కన్యకాపరమేశ్వరి నాకు ఫోన్ చేసి, పెళ్లయినాక ఈయన అలసిపోయి ఇంటికి రావడం ఇప్పుడే చూస్తున్నానని, ఈ కేసు ఎంత ఆలస్యంగా తేలితే అంత మేలని చెప్పింది.

నాకు మాత్రం నవ్వు రాలేదు. సుబ్బులమ్మ రోజూ పని దిగి నేరుగా సంఘానికి వచ్చి గడప పక్కన కూర్చునేది. అరిచేది కాదు, ఏడ్చేది కాదు. తేలిందా అన్నా అని అడిగి, తేలలేదంటే లేచి పోయేది. గురువారం నాడు ఉండబట్టలేక ఆ ఫీజు నేను అప్పుగా ఇస్తానన్నాను.

"నా డబ్బులు నాకియ్యమంటే నువ్వు అప్పిస్తానంటావేందన్నా? అప్పు తీసుకుంటే నేను దొంగనని ఒప్పుకున్నట్టే గదా."

జేబులోంచి తీసిన డబ్బు మళ్లీ లోపల పెట్టుకున్నాను. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

శుక్రవారం ఉదయం బోర్డు కూర్చుంది. ఏ సాఫ్ట్‌వేర్ కొనాలో ఆ రోజు తేల్చాలి కాబట్టి యోగేష్, శివకృష్ణ ఇద్దరూ వచ్చారు. ఉమామహేశ్వర్లు మీసాలు పీకేసి, కోటు వేసుకుని లేచి నిలబడ్డాడు. ముఠా మహా తెలివైనదని, తాను గుహలో ఉన్నన్నాళ్లూ ఒక్కరు కూడా ఏ నేరమూ చేయలేదని, అంత జాగ్రత్తగా ఉన్నారంటేనే అసలు సంగతి అర్థమవుతోందని నివేదించాడు. మోసం పట్టడంలో ధనగరుడకు నూటికి నూరు వేశానన్నాడు. అంతటితో కూర్చుంటే ఏమయ్యేదో దేవుడికెరుక. కూర్చోలేదు. నిజాయితీపరుడి వేలికి మిషన్ ఎలా పలుకుతుందో చూపిస్తానని బొటనవేలు పెట్టాడు.

ఎర్ర దీపం వెలిగింది. చూపుడు వేలు పెట్టాడు, మళ్లీ ఎరుపే. పది వేళ్లూ అయిపోయాయి. చెప్పు విప్పి కాలి వేలు పెట్టబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

మాలకొండయ్య యోగేష్ వైపు తిరిగి, మరి ఈ మనిషి ఎవరని అడిగాడు. మిషన్ పొరపడదని అన్ని రోజులుగా చెప్పిన నోరు, ఇప్పుడు మాట మార్చలేదు. యోగేష్ నుదురు తుడుచుకుని, ఈయన ఉమామహేశ్వర్లు గారు కాదు సార్ అన్నాడు. నెయ్యి దోసెలు తిన్న బోర్డు ఆ మాట నమ్మడానికి కూడా సిద్ధపడింది. అందరికంటే ముందు నమ్మినవాడు మాత్రం ఉమామహేశ్వర్లే. వాడి ముఖం పాలిపోయింది. నా చెవి దగ్గరికి వంగాడు.

"రంగా, ముఠా నన్ను గూడా మార్చేసింది రా. అసలు నేను ఎక్కడున్నానో బిరీన ఎతకాల."

సరిగ్గా అప్పుడే కన్యకాపరమేశ్వరి క్యారియర్ పట్టుకుని లోపలికి వచ్చింది. భర్త ముందు పెట్టి, నా చేతికి స్పూను ఇచ్చింది.

"ఇది మర్చిపోయి వచ్చినాడన్నా. చేత్తో తినలేడు. ఆ పలకలు రుద్ది రుద్ది వేళ్ల మీద తోలంతా అరిగిపోయింది. పచ్చడి తగిలితే ఇల్లెగిరిపోయేట్టు అరుస్తాడు."

వాడి చెయ్యి లాగి కిటికీ వెలుతురులో చూశాను. వేలి కొనలు నున్నగా ఉన్నాయి, ఒక్క గీత లేదు. ఆ రోజు పని మానుకుని పొద్దున్నే వచ్చి గడప దగ్గర కూర్చున్న సుబ్బులమ్మను లోపలికి పిలిచి చేతులు చూపమన్నాను. రెండు చేతులూ చాపింది. ఆ వేళ్లను చూసి మాలకొండయ్య కూడా తల దించుకున్నాడు. నాలుగు నాళ్లు రుద్దినవాడినే గుర్తుపట్టని మిషన్, జీవితమంతా రుద్దిన మనిషిని దొంగ అంటే మేమంతా నమ్మాం. నాకు చెప్పలేనంత సిగ్గేసింది.

మార్కుల కాగితం ముందుకు లాక్కున్నాను. రంగులూ, శబ్దమూ, ఆధునికతా అన్నీ ఉన్నాయి. సభ్యుడి డబ్బు సభ్యుడికి ఇస్తుందా లేదా అన్న ప్రశ్న ఎక్కడా లేదు. అది కింద రాసి, ధనగరుడకు సున్నా వేసి, కాగితాన్ని బల్ల చుట్టూ తిప్పాను. ఎవరూ కాదనకుండా సంతకాలు పెట్టారు. శివకృష్ణ మన పద్దు తెరిచాడు. సుబ్బులమ్మ ఫొటో వచ్చింది, ఫోన్‌కు నంబరు వచ్చింది, కబురందుకుని పరుగున వచ్చిన సంధ్యారాణి దాన్ని చదివి చెప్పింది. మధ్యాహ్నానికల్లా ఫోన్‌లోనే ఫీజు కట్టేశారు.

ఆ లోపల ఉమామహేశ్వర్లు తేరుకున్నాడు. ఇదంతా తనకు మొదటి రోజే తెలుసని, రుజువు కోసం సొంత వేలిముద్రలను బలి ఇచ్చానని బ్యాగు సర్దుకుంటున్న యోగేష్‌కు చెప్పడం మొదలుపెట్టాడు. వెళ్తున్న సుబ్బులమ్మ ఆగి, వాడి చేతుల వైపు జాలిగా చూసింది.

"కొబ్బరి నూనె పూసుకోండి సామీ. పని మానేస్తిరి గదా, మీకు మళ్లా వస్తాయిలే గీతలు."

తమకు వస్తాయని మాత్రం అనలేదు. కూతురి భుజం మీద చెయ్యి వేసుకుని వెళ్లిపోయింది. వాడి ఉపన్యాసం అక్కడే ఆగిపోయింది.

దుకాణం దాకా ఇద్దరం నడిచి వచ్చాం. దారంతా వాడు తన వేళ్లనే చూసుకుంటున్నాడు. మెట్ల మీద కూర్చున్నాక నోరు తెరిచాడు.

"రంగా, ఇంకో కేసుంది. ఆ ఫ్యాక్టరీ గేటు మీద, పనివాళ్లకు గ్లౌజులు ఇస్తామని పెద్ద బోర్డు ఉంది. లోపల ఒక్క చేతికి గూడా నేను గ్లౌజు చూడలా. అవన్నీ ఎవడు కొట్టేసినాడు?"

ఇన్నేళ్లలో వాడు వేసిన సరైన ప్రశ్న అదొక్కటే. దీనికి మారువేషం అక్కర్లేదని, ఫ్యాక్టరీ మాలకొండయ్యదేనని, వచ్చే మీటింగులో ఎదురుగా కూర్చుని అడిగితే చాలని చెప్పాను. మాలకొండయ్య మొహం మీద అడగడం అంటే మాటలు కాదు, మా ఇద్దరికీ బోర్డులో చోటు పోవచ్చు. వాడికీ ఆ సంగతి తెలుసు. కోటు గుండీలు విప్పుకుంటూ, అడుగుతానన్నాడు. ఆ మాట అన్నప్పుడు వాడి గొంతులో డిటెక్టివు లేడు.