దూలం తొలిచే తుమ్మెదకు జై!

కొట్టంలో తుమ్మెదలు చేరితే ఇల్లు పాడవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఇల్లు బాగుపడుతుంది! ఈ మాట నేను పూర్తి బాధ్యతతో, ఎండదెబ్బ తగలకుండా నీడన కూర్చుని మరీ రాస్తున్నాను.

ఏ తుమ్మెద అంటారా? పాటల్లో పూల చుట్టూ తిరిగే సుకుమారి సంగతి కాదు. బొటనవేలంత లావున, నల్లగా నిగనిగలాడుతూ, మోటారులా రొద పెడుతూ వచ్చి, ఎండిన దూలానికో వెదురుకో వేలు దూరేంత గుండ్రటి కన్నం వేసి, లోపల సంసారం పెట్టే తుమ్మెద సంగతి. దాని కింద నిలబడితే నెత్తి మీద పొట్టు రాలుతుంది. జనం లబోదిబోమంటారు. ఎందుకండీ ఆ ఏడుపు? అక్షతలు పడ్డాయనుకోండి!

నా మాట మీద గురి కుదరకపోతే బాగేపల్లి తాలూకా చాకవేలు వెళ్ళి అక్కయమ్మ కొట్టం చూసి రండి.

అక్కయమ్మకు ఏభై దాటాయి. భర్త మునినారాయణ, కొడుకు పురుషోత్తమ్, కోడలు రూప, రెండు సీమావులు, కాస్త శనక్కాయ చేను. ఇంటి వెనక కొట్టం. రాతి కంబాలు, వేప దూలాలు, వెదురు వాసాలు, పైన పెంకులు. లోపల ఒక నులక మంచం, మూడు ప్లాస్టిక్ కుర్చీలు. కుర్చీలు ఆవుల కోసం కాదు లెండి. పొద్దున డైరీలో పాలు పోసి వచ్చింది మొదలు మునినారాయణ, పక్కింటి అంజినప్ప, వాళ్ళతోపాటు మరో ఇద్దరు పెద్దమనుషులు అక్కడ కూర్చుని లోకాన్ని నడిపేవారు. టమోటా రేటు ఎందుకు పడిపోయిందో, బెంగుళూరులో గవర్నమెంటు ఎప్పుడు పడిపోతుందో వాళ్ళకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అంత బరువైన పని కాఫీ లేకుండా సాగుతుందా?

"ఏమ్మే! కాఫీ తేల్యా?"

పాలు పితికిన చేతి తడి ఆరకముందే ఒక కేక. సంగటి కెలుకుతుండగా ఇంకో కేక. ముద్ద తట్టలో, అంటే కంచంలో, వేసుకుని ఇలా పీట లాక్కుందో లేదో, అప్పుడు మాత్రం తప్పకుండా ఒక కేక! అక్కయమ్మ తినబోతోందని కొట్టంలో ఉన్నవాళ్ళకు ఎలా తెలిసేదో ఆ దేవుడికే ఎరుక. కేక విని లేవడం, కాఫీ కాచి ఇవ్వడం, తిరిగొచ్చి చల్లారి గట్టిపడిన ముద్దను పులుసులో ముంచి పొయ్యి పక్కన నిలబడే మింగడం. వేడి ముద్ద కూర్చుని తిని ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తు లేదు.

అప్పుడొచ్చాయండీ, మహానుభావులు!

మొదటి తుమ్మెద సరిగ్గా నులక మంచం పైనున్న దూలాన్నే ఎంచుకుంది. దాని అభిరుచిని మెచ్చుకోవాలి. పొట్టు నేరుగా మునినారాయణ గ్లాసులో పడింది. "ఇదేందిది, కాఫీలో రవ్వ?" అని ఆయన తలెత్తేసరికి రెండోది అంజినప్ప ముక్కుకు జానెడు దూరంలో గాలిలో నిలబడి, ఆయన కళ్ళలోకి సూటిగా చూసింది. అలా ఎదురు నిలిచి బెదిరించేది మగ తుమ్మెద. దానికి కుట్టే కొండే ఉండదు, ఉత్త హడావుడి! అయినా లోకాన్ని నడిపేవాళ్ళు దాని ముందు నిలబడలేకపోయారు. టవలు ఒకచోట, చెప్పులు ఒకచోట వదిలేసి సభ ముగించారు.

ఆ మధ్యాహ్నం అక్కయమ్మ పీట వేసుకుని కేక కోసం ఎదురుచూసింది. కేక లేదు. అనుమానంగా కొట్టంలోకి తొంగి చూసింది. ఆవులు నెమరు వేస్తున్నాయి, తుమ్మెదలు పనిలో ఉన్నాయి, మనిషన్నవాడు లేడు. తట్ట పట్టుకెళ్ళి మంచం మీద కూర్చుంది. శనక్కాయల చట్నీతో వేడి ముద్ద మొత్తం తిన్నది. వేళ్ళు నాకింది. ఆ పైన కాళ్ళు చాపుకుంది! ఎంత హాయిగా ఉందో చెప్పడానికి నాకు మాటలు చాలవు.

కోడలు వెతుక్కుంటూ వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"అత్తా, ఈడుండావా? కుడతాయేమో!"

"నేను దినామూ ఈడనే కదమ్మా పేడ ఎత్తేది. మన జోలికి రావు. నువ్వూ తట్ట తెచ్చుకో పో."

వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టాలన్నదాని మీద కూడా పడని అత్తాకోడళ్ళు, రంపపు పొట్టు కింద పక్కపక్కన కూర్చుని తిన్నారు. తర్వాత రూప పుట్టింటికి ఫోన్ చేసుకుంది. అత్త వినలేదు. అంటే, విన్నది. కానీ తప్పు పట్టలేదు! ఫ్యామిలీ కౌన్సెలింగ్ సెంటర్లు చేయలేని పని, ఫీజు లేకుండా చేసిపెట్టిన పురుగును మీరు చంపుతానంటారా?

ఆ పెద్దమనుషులూ అన్నారు. చంపుతామనే అన్నారు.

అంజినప్ప సలహా మీద వేపాకు, ఎండుమిరపకాయలు కలిపి పొగ పెట్టారు. తుమ్మెదలు అలా చేను దాకా షికారు వెళ్ళొచ్చాయి. ఈ లోపల దగ్గి దగ్గి కళ్ళు ఎర్రబడింది మాత్రం పెద్దమనుషులకు. తర్వాత కన్నాల్లో కిరోసిన్ పోశారు. అది కారి గడ్డి మీద పడి, వాసన పాలకు పట్టి, "ఇదేందప్పా, పాలా, సీమనూనా?" అని డైరీలో క్యాన్ వెనక్కి పంపారు. చివరికి అంజినప్ప దోమల బ్యాట్ తెచ్చి వీరావేశంతో ఊపాడు. అది మునినారాయణ చెవికి తగిలింది. ఇంత జరుగుతున్నా అక్కయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పనులు చేసుకుంటూ పోయింది. లోపల ఎంత నవ్విందో రూపకే తెలుసు.

కానీ చదువుకున్న కొడుకున్న ఇంట్లో ఆనందం ఎంతకాలం నిలుస్తుంది? పురుషోత్తమ్ యూట్యూబ్ చూశాడు.

"నాయనా, కన్నాల్లో పుట్టీ పెట్టి, దూలాలకంతా పెయింట్ కొడితే సరి. రంగేసిన కొయ్య జోలికి ఇంగ రావు. నేను చేస్తా కదా!"

మీలో ఉపాయం కోసమే చదువుతున్నవారుంటే, ఇదేనండీ ఉపాయం. పని చేస్తుంది. అదే కదా నా బాధ!

బాగేపల్లి నుంచి పచ్చ రంగు డబ్బాలు దిగాయి. నిచ్చెన వచ్చింది. పెద్దమనుషులు తిరిగి వచ్చి కుర్చీలు దులుపుకున్నారు. "ఇంగ రేపటితో సరి, అత్తా" అంది రూప దిగులుగా. ఒక్కో దూలమే పచ్చబడుతుంటే అత్త చూస్తూ నిలబడింది. మంచం పైనున్న దూలం దగ్గరికి నిచ్చెన జరపగానే గబగబా లోపలికి వెళ్ళి పసుపు, కుంకుమ, ఒక కనకాంబరాల దండ తెచ్చింది. కొడుకును దింపి తానే నిచ్చెనెక్కి దూలానికి పసుపు రాసింది, కుంకుమ బొట్లు పెట్టింది, దండ చుట్టింది.

"ఈ దూలం జోలికి పోవద్దప్పా. మీ అవ్వ కలలో కనపడి చెప్పింది. ఇంటి దేవర ఉండేది ఈడనే అంట. రంగు పడితే ఇంటికి మంచిది కాదు."

మునినారాయణ టపటపా చెంపలేసుకున్నాడు. "ముందే చెప్పకూడదా, ఏమ్మే!" అన్నాడు. అంజినప్ప చెప్పులు విడిచి దండం పెట్టాడు. పురుషోత్తమ్ బ్రష్ కడిగేసుకున్నాడు.

నిజం చెప్పి ఉండవచ్చు కదా అని మీరంటారు. చెప్పిందండీ, ఎప్పుడో ఒకసారి. "నన్ను కొంచెంసేపు కూచుని తిననీయండి" అని నోరు తెరిచి అడిగింది. "తిను, ఎవరొద్దన్నారు? ముందర కాఫీ పెట్టి తిను" అన్నాడాయన. దూలానికి అడగకుండానే దొరికిన మర్యాద, ముప్ఫై ఏళ్ళు వండి పెట్టిన మనిషికి అడిగినా దొరకలేదు. నాకు ఒళ్ళు మండుతుంది!

మిగతా దూలాల్లో ఇల్లు పోగొట్టుకున్న తుమ్మెదలన్నీ ఆ ఒక్క దూలానికి చేరాయి. సరిగ్గా మంచం పైన! దేవర ఉన్న చోట బ్యాట్ ఊపలేరు, పొగ పెట్టలేరు. సభవారు ఆలోచించి, కుర్చీలతో సహా అంజినప్ప కొట్టానికి మారిపోయారు.

నాలుగు రోజులు గడిచాయి. అత్తాకోడళ్ళు మంచం మీద కూర్చుని ముద్దలు తుంచుతుండగా అంజినప్ప భార్య మునిరత్నమ్మ వెనక వాకిలి గుండా వచ్చింది. చేతిలో ఖాళీ గిన్నె ఉంది.

"ఏం మునిరత్నా, తోడుకు పెరుగు కావల్నా?" అంది అక్కయమ్మ.

"పెరుగు ఉండాదక్కా." కొంగుతో మొహం తుడుచుకుని, తలెత్తి దూలం వైపు చూసింది. "ఆ తుమ్మెదలు ఒక జత ఇస్తావేమోనని వచ్చినా. పొద్దన్నించి నేనింకా ఏమీ తినలా."

అక్కయమ్మ జరిగి చోటిచ్చింది. ముందు తన తట్టలోని ముద్దను రెండుగా తుంచి, వేడిగా ఉన్న సగం ఆమె గిన్నెలో పెట్టింది. తర్వాత ఆమె పట్టుకెళ్ళడానికి, తుమ్మెదలు చేరిన వెదురు ముక్క కోసం వాసాల్లో వెతకమని కోడలికి చెప్పింది.